అగ్నిమాపక దళమునకు పిలుపు – గృహిణి కర్తవ్యము



పొయ్యి వెలుగనిదే సంసారము సాగదు. ఆ నిప్పే యదుపు తప్పెనా, తరతరముల సొత్తు గడియలో బూడిద యగును. ఫైరింజను కూత పెట్టుచు వీధిని పోవునపుడు మనము పిల్లలను ప్రక్కకు లాగికొని చూచుచుందుము. ఆ బండి నెవరు పిలిచిరో, అది వచ్చులోపల నా యింటివారేమి చేసిరో విచారింపము. కాని యొక యిల్లు నిలుచుటయు, కూలుటయు పెక్కుసారు లా కొలది నిమిషములలోనే తేలిపోవును.

మన దేశమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 14వ తేది మొదలు 20వ తేది వఱకు అగ్నిమాపక వారోత్సవములు జరుగుచున్నవి. దీనికి కారణమైన వృత్తాంతము మిక్కిలి దుఃఖకరము. 1944వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదిని బొంబాయి విక్టోరియా డాక్కులో నిలిచియున్న ‘ఫోర్ట్ స్టికీన్’ అను ఓడలో నిప్పు పుట్టెను. అందు వేలకొలది ప్రత్తి బేళ్లును, సుమారు 1,400 టన్నుల ప్రేలుడు సామగ్రియు నుండెను. మొదటి పిలుపులో విషయమంతయు తెలియరాకపోవుటచే తొలుత రెండు యంత్రములు మాత్రమే వచ్చెను. ఓడలోని సరకు సంగతి తెలిసిన పిమ్మట మఱికొన్నిటిని రప్పించిరి. సాయంకాలము 4 గంటలు దాటిన కొలది నిమిషములకు ఓడ ప్రేలిపోయెను. తమ స్థానము విడువక పోరాడిన అగ్నిమాపక భటులు 66 మంది యసువులు బాసిరి. వారి స్మృత్యర్థమే యీ వారము.

ఆ మహావిపత్తు మన వంటయింటికి గూడ నొక పాఠము చెప్పుచున్నది: పిలుపు తక్షణము పోవలెను, పోయిన పిలుపులో నున్నదున్నట్లు చెప్పవలెను.

ఏ పట్టణమునందలి అగ్నిమాపక కేంద్రమునైనను తీసికొనుడు. ఎండకాలపు వారములలో పూరిండ్లు, గడ్డివాములు తగులబడినవను పిలుపులు వచ్చును. దీపావళి వారమున తారాజువ్వ పడిన పాకలు, టపాకాయల దుకాణములు. వానకాలమున వఱదలో చిక్కినవారు. ఏ కాలమునందైనను గ్యాసు సిలిండరు, మరుగుచున్న నూనె, విద్యుత్తు తీగెలు. నూతిలో పడిన ఆవును పైకి తీయుటయు, లోపల గడియ వేసికొని తీయలేక యేడ్చు పసివానిని బయటికి తెచ్చుటయు వారి పనులే. వీనిలో నధికభాగము ఇండ్లలో, ఆడువారి కన్నుల యెదుట పుట్టునవియే.

అయినను పిలుచుటకు మనము జంకుదుము. “అయన రానిమ్ము, అత్తగారి నడిగి చూతము, ఇరుగుపొరుగువారు నవ్వుదురేమో” యని తలపోయుచుండగా నిప్పు ఆగదు గదా! మొదట చూచినవారే పిలువవలెను. కోడలైనను, పనిమనిషియైనను, పదేండ్ల పిల్లయైనను సరియే. ఇందుకెవరి యనుమతియు నక్కఱలేదు.

పిలువవలసిన సంఖ్య 101. అన్ని విధములైన ఆపదలకును 112 కలదు. మొదట ఊరు, పేట, వీధి, ఇంటి నంబరు, దగ్గఱ నున్న గుడియో బడియో చెప్పవలెను. పిమ్మట ఏది మండుచున్నదో, లోపలెవరైన చిక్కుకొనిరో, గ్యాసు సిలిండరున్నదో చెప్పవలెను. అవతలివారు చాలునను వఱకు ఫోను పెట్టరాదు. ఒకరు వీధి మొగదల నిలిచి బండికి దారి చూపుట మేలు.

బండి వచ్చులోపల గుర్తుంచుకొనవలసిన సంగతులు కొన్ని కలవు.

మూకుటిలో నూనె అంటుకొన్నచో నీళ్లు పోయరాదు. నీరు నూనె యడుగునకు దిగి తటాలున ఆవిరియై పొంగి, మండుచున్న నూనెను నలుదెసల చిమ్మును. పొయ్యి కట్టివేసి, మూకుటిని కదల్పక పెద్ద మూత ప్రక్కనుండి జరిపి కప్పవలెను. చల్లారు వఱకు తీయరాదు.

గ్యాసు వాసన వచ్చినచో అగ్గిపుల్ల గీయరాదు. స్విచ్చి వేయరాదు, ఆర్పనురాదు. ఈ గ్యాసు గాలికంటె బరువైనది గనుక నేలమట్టమున నిలిచియుండును. రెగ్యులేటరు కట్టివేసి తలుపులు, కిటికీలు తెఱచి, అందఱును వెలుపలికి పోయి, అచ్చటనుండి 1906 సంఖ్యకు తెలుపవలెను.

చీర కంటుకొన్నచో పరుగిడరాదు. పరుగిడిన కొలది మంట యెక్కువగును. నేలపై బడి దొర్లవలెను. చూచినవారు దళసరి కంబళి చుట్టి మంట నార్పవలెను. కాలిన చోట చల్లని నీటిని 20 నిమిషములు ధారగా పోయవలెను. గాజులు, ఉంగరములు వాపు రాకముందే తీయవలెను. చర్మమునకు అంటుకొన్న బట్టను లాగరాదు. వెన్న, పసుపు, సిరా పూయుట హానికరము. వంట చేయునపుడు నైలాను చీరకంటె నూలు చీర మేలు. కొంగు నడుమున దోపుకొనుట మఱియు మేలు.

విద్యుత్తువలన నిప్పు పుట్టినచో, చేయి యందినంతలో మెయిను స్విచ్చి ఆర్పవలెను, నీళ్లు చల్లరాదు. ఇల్లు పొగతో నిండినచో వంగి, ప్రాకుచు వెలుపలికి రావలెను. మంటకంటె ముందు పొగయే ప్రాణము తీయును. బయటపడినవారు నగలకొఱకు గాని, కాగితములకొఱకు గాని తిరిగి లోనికి పోరాదు. నగలు మరల చేయించుకొనవచ్చును, తల్లిని తేలేము గదా!

ఈ సంగతులన్నియు నిప్పు పుట్టిన నాడు నేర్చుకొనుటకు వీలుపడదు. కావున నేడే యొక కాగితముపై 101, 112, 1906 అను సంఖ్యలను, వాని క్రింద మీ ఇంటి చిరునామాను పెద్ద యక్షరములతో వ్రాసి వంటయింటి గోడపై నంటింపుడు. పిల్లలచే చదివింపుడు. అత్తగారికిని, పనిమనిషికిని చెప్పుడు. మెయిను స్విచ్చి యెచ్చటనున్నదో యందఱికిని చూపుడు. ఒక పూట శ్రమ చాలును. పిలుపు విన్నంతనే పరుగున వచ్చు ఆ భటులకు, వారి ప్రాణములను పణముగా బెట్టు పని కొంతయైన తగ్గించుట మన చేతిలో నున్నది.