వరి పువ్వుకు గంటే గడువు

జన్యువు తడబడితే కేసరాలుండవు, హార్మోను తగ్గితే కంకి బయటపడదు. తాలుకూ గింజకూ మధ్య నడిచే కథ ఇది

వరికి పువ్వుందని ఎవరూ అనరు. చిరుపొట్ట, పొట్ట, ఈనిక, సుంకు, పాలు పోసుకోవడం అంటూ రైతు పైరును రోజూ కనిపెట్టి చూస్తాడు గానీ ఆ మాటల్లో పువ్వు ప్రసక్తే రాదు. రంగు లేదు, వాసన లేదు, చెప్పుకోదగ్గ రేకుల్లేవు. అయినా పళ్లెంలోకి వచ్చే ప్రతి మెతుకూ ఓ పువ్వు ఫలిస్తే వచ్చిందే. ఎండ కాసిన రోజున ఉదయం 9, 11 గంటల మధ్య పొట్టు రెండుగా విచ్చుకుంటుంది. ఆరు కేసరాలు బయటకు వేలాడతాయి. దాదాపు గంట గడిచాక తలుపులు మూసుకుంటాయి. ఆలోగా పుప్పొడి కీలాగ్రం మీద పడి మొలకెత్తకపోతే మిగిలేది తాలు.

ఆ గంట కోసం మొక్క వారాల ముందు నుంచే సిద్ధమవుతుంది. పూయాల్సిన సమయాన్ని కనిపెట్టేది కొన కాదు, ఆకు. రాత్రి ఎంత పొడవుందో ఆకు లెక్కగట్టి, కొనకు కబురు పంపుతుందని సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ చైలాఖ్యాన్ 1930లలోనే ఊహించి, ఆ కబురుకు ఫ్లోరిజెన్ అని పేరు పెట్టారు. అదేమిటో పట్టుకోవడానికి 70 ఏళ్లు పట్టింది. వరిలో హెచ్‌డి3ఎ అనే జన్యువు తయారుచేసే ప్రొటీనే ఆకు నుంచి కొనకు ప్రయాణిస్తుందని జపాన్‌లో కో షిమమోటో బృందం 2007లో చూపింది. పాత దేశవాళీ రకాలు చాలావరకు నాట్లు ముందువెనకలైనా దాదాపు ఒకే సమయంలో ఈనడానికి కారణం ఈ రాత్రుల లెక్కే.

కబురు అందాక ఏ భాగం ఎక్కడ మొలవాలన్నది మరో జన్యువుల బృందం పని. దీని గుట్టు 1991లో ఎన్రికో కోయెన్, ఇలియట్ మేయెరోవిట్జ్ విప్పారు. ఎ, బి, సి అని మూడు రకాల జన్యువులు. ఎ ఒక్కటే పనిచేస్తే రక్షక పత్రం, ఎ, బి కలిస్తే ఆకర్షక పత్రం అంటే రేకు, బి, సి కలిస్తే కేసరం, సి ఒక్కటే అయితే అండకోశం. ఇది అర్థం కావాలంటే ప్రయోగశాలకు వెళ్లనక్కర్లేదు. పెరట్లో రేకు మందారాన్నీ ముద్ద మందారాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ముద్ద మందారంలో కేసరాలు కావాల్సినవి రేకులయ్యాయి. పూజకు అది మహాబాగు. తిండిగింజ పంటలో అదే జరిగితే కొంప మునిగినట్టే.

వరిలో బి రకం జన్యువు ఒకటి చెడితే ఆరు కేసరాల స్థానంలో అండకోశాలే పుట్టుకొస్తాయి. ఆ మొక్కకు జపాన్ శాస్త్రవేత్తలు సరదాగా ‘సూపర్‌వుమన్’ అని పేరు పెట్టారు. మన దగ్గర బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఉషా విజయరాఘవన్ బృందం ఏళ్ల తరబడి ఓఎస్‌మ్యాడ్స్1 అనే జన్యువు వెంటపడింది. ఇది సరిగ్గా పనిచేయకపోతే గింజను కప్పాల్సిన పొట్టు ఆకులా సాగుతుంది, లోపలి భాగాలు గందరగోళమవుతాయి. ఈ జన్యువు తోటి జన్యువులతో పాటు ఆక్సిన్, సైటోకైనిన్ హార్మోన్ల వ్యవస్థను కూడా అదుపు చేస్తుందని 2013లో వారు వెల్లడించారు. అంటే జన్యువులు వేరు, హార్మోన్లు వేరు అనుకోవడానికి లేదు. గింజల సంఖ్యే చూడండి. సైటోకైనిన్‌ను విరగ్గొట్టే ఎంజైము తగ్గితే కంకికి ఎక్కువ పూలు వస్తాయని, ఎక్కువ గింజలు పట్టే హబటాకి రకం రహస్యం ఇదేనని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో తేల్చారు.

ఈ శాస్త్రం డబ్బుగానో నష్టంగానో మారే చోటు చూడాలంటే కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో సంకర వరి విత్తనం పండించే పొలాలకు వెళ్లాలి. వరి తనను తానే పరాగసంపర్కం చేసుకుంటుంది కాబట్టి సంకరం కావాలంటే తల్లి మొక్కలో పుప్పొడి ఉండకూడదు. చైనాలోని హైనాన్‌లో యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి 1970లో దొరికిన ఓ అడవి వరి మొక్క ఈ లోపాన్ని ప్రసాదించింది. మైటోకాండ్రియాలో ఉన్న జన్యువు పుప్పొడిని గొడ్డుపోయేలా చేస్తుంది. భారత్‌లో తొలి సంకరాల్లోవైన ఏపీహెచ్ఆర్-1, ఏపీహెచ్ఆర్-2 1994లో విడుదలయ్యాయి.

అయితే ఈ తల్లి మొక్కకు మరో జబ్బుంది. కంకి మెడ దాకా పోటాకు తొడుగులోనే ఇరుక్కుపోతుంది. పై కణుపులో జిబ్బరెల్లిన్ చాలకపోవడమే కారణం. అందుకే పది శాతంలోపు కంకులు తొంగిచూడగానే జిబ్బరెల్లిక్ ఆమ్లం పిచికారీ చేస్తారు. హెక్టారుకు సాధారణంగా 50 గ్రాములకు అటూ ఇటూ. ఇందులో ఓ తమాషా ఉంది. హరిత విప్లవం తెచ్చిన ఐఆర్8 పొట్టిగా ఉండడానికి కారణం జిబ్బరెల్లిన్ తయారీ జన్యువు దెబ్బతినడమేనని 2002లో బయటపడింది. అక్కడ ఏ హార్మోను తగ్గడం వల్ల గాదెలు నిండాయో, ఇక్కడ దాన్నే రైతు డబ్బిచ్చి కొని చల్లుతున్నాడు.

పిచికారీతో పని అయిపోదు. ఆడ వరుసలు, మగ వరుసలు ఒకేసారి పూతకు రావాలి. అందుకే మగ నారును రెండు మూడు దఫాలుగా పోస్తారు. ముందుకొచ్చేలా ఉన్నదాన్ని యూరియా చల్లి ఆపుతారు. పూత వేళ తాడు లాగి పుప్పొడి దులుపుతారు. ఇంత చేసినా నాలుగైదు రోజుల తేడా వస్తే ఆ రైతు పెట్టుబడి గాలికి పోయినట్టే. కంపెనీలు నారు పోసే తేదీలు చెబుతాయి సరే, వాతావరణం ఆ తేదీలు చదవదు కదా.

ఇప్పుడు వేడి దాపురించింది. పూత సమయంలో 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగ్గా రాలదు, రాలినా మొలకెత్తదు. ఆలస్యంగా నాటిన యాసంగి వరి సరిగ్గా ఆ ఎండలోనే పూస్తుంది. గడియారాన్ని ముందుకు జరపడం ఓ దారి. ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి నుంచి తీసిన క్యూఈఎంఎఫ్3 అనే జన్యుభాగం పువ్వును గంటన్నర నుంచి రెండు గంటల ముందే తెరిపిస్తుందని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, జపాన్ శాస్త్రవేత్తలు 2015లో ప్రకటించారు. మామూలు రకాలకు ఇది నేరుగా పనికొస్తుంది. విత్తనోత్పత్తిలో మాత్రం తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఎక్కించాలి. లేకుంటే ఒకరు పొద్దున్నే తలుపు తీసి ఎదురుచూస్తుంటే మరొకరు ఎండెక్కాక వస్తారు.