అమలును కొలిచే కొలబద్దలు: బడి భోజనం

చట్టాలకీ జీవోలకీ మనకు కరువు లేదు. అవి అమలవుతున్నాయని ఏ కొలబద్దతో చెబుతున్నారన్నదే మన ప్రశ్న. బడి భోజనాన్నే తీసుకుందాం. బడుల్లో వండిన భోజనం పెట్టమని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న చెప్పింది. బడి రిజిస్టరు మాత్రం ఎంతమంది తిన్నారో చెప్పి ఊరుకుంటుంది. ఎవరు వండారు, ఎవరి పిల్లలు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు ఇంటినుంచి క్యారేజీ తెచ్చుకున్నారు అన్నవి ప్లేట్ల లెక్కలో దొరకవు.

బి.ఇడి. చదివినవాళ్లకు తెలిసిన మాటలే ఇక్కడ పనికొస్తాయి. ఎవరు ఎన్నిసార్లు కొలిచినా ఒకే ఫలితం వస్తే విశ్వసనీయత. కొలవాల్సినదాన్నే కొలిస్తే సప్రమాణత. ప్లేట్ల లెక్కకు మొదటిది ఉందనుకుందాం (అదీ అనుమానమే!). వివక్ష దగ్గరికొచ్చేసరికి రెండోది లేదు.

అడిగే తీరు ఎంత తేడా తెస్తుందో 2011-12 భారత మానవాభివృద్ధి సర్వేలో చూడొచ్చు. 42 వేలకు పైగా కుటుంబాల సర్వే అది. మీ ఇంట్లో ఎవరైనా అంటరానితనం పాటిస్తారా అని ముందు అడిగారు. లేదన్నవాళ్లను వదలకుండా, ఎస్సీలు మీ వంటింట్లోకి వచ్చినా, మీ గిన్నెలు వాడినా ఇబ్బందా అని మళ్లీ అడిగారు. రెండూ కలిపితే సుమారు 27 శాతం తేలారు. మొదటి ప్రశ్నతోనే ఆగితే వాళ్లలో కొందరు మంచివాళ్లుగానే లెక్కకెక్కేవాళ్లు.

ఇక ఆచరణాత్మకత. గుజరాత్‌లో నవసర్జన్ సంస్థ 2010లో 1,589 గ్రామాల అధ్యయనం వెలువరించింది. దళితులపై దళితేతరులు సాగించే 98 రకాల వివక్షను లెక్కించింది. లోతైన కొలబద్దే గానీ, కూలినుంచి వచ్చిన తల్లిని అన్ని ప్రశ్నలు అడగలేం. అమెరికాలో అమలు శాస్త్రం వాళ్లు 2017లో నాలుగేసి ప్రశ్నల కొలబద్దలు తెచ్చారు: పని ఆమోదయోగ్యమా, తగినదా, సాధ్యమా అని. పొట్టివి, సులువైనవి. అయితే ఎవరికి ఆమోదయోగ్యం? వేరు వరుసలో కూర్చోబెట్టడం అగ్రకుల పెద్దకు ‘తగినదే’ అనిపిస్తుంది. నూటికి నూరు మార్కులూ పడతాయి!

ఆగిరిపల్లి లాంటి మామిడి ప్రాంతంలో కోతల వేళ పగలు పల్లెకు వెళ్తే పెద్దవాళ్లు తోటల్లో ఉంటారు. తోట యజమాని ఎదుట అడిగితే జవాబు ఒకటి, రాత్రి వాడలో అడిగితే ఇంకొకటి. అందుకే ఎక్కడ, ఎవరి ముందు, ఎవరు అడిగారన్నది కూడా ప్రశ్నాపత్రంలో రాయాలి. ప్రశ్న కూడా అభిప్రాయం మీద కాకుండా జరిగిన పని మీద ఉండాలి. వంటామెను ఇలా అడగొచ్చు: “అమ్మా, నిన్న మీరు వండింది తినకుండా ఎంతమంది పిల్లలు క్యారేజీ విప్పారు?”