మూర్ఛ ఉన్న కుక్కకు ఉస్మానియా బిస్కెట్ ఎందుకు వద్దు?

చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ తాగుతూ ఉస్మానియా బిస్కెట్ ముక్క కుక్కకు విసిరేవాళ్లుంటారు. ఆ బిస్కెట్‌లో తీపితోపాటు ఉప్పూ ఉంటుంది. మూర్ఛకు పొటాషియం బ్రోమైడ్ వాడే కుక్కకు ఆ ఉప్పుతోనే చిక్కు.

ఎలా? ఉప్పులోని క్లోరైడ్‌, మందులోని బ్రోమైడ్‌ మూత్రపిండాలకు ఇంచుమించు ఒకటే. క్లోరైడ్ ఎక్కువైతే దాంతోపాటు బ్రోమైడూ మూత్రంలో పోతుంది. రక్తంలో మందు తగ్గి ఫిట్స్ మళ్లీ రావచ్చు. ఉప్పు ఒక్కసారిగా తగ్గించినా ముప్పే: మందు పేరుకుని కుక్క తూలుతుంది. అందుకే రోజూ ఒకే రకం తిండి పెట్టాలి.

మరి హలీమ్? ఉప్పు, నెయ్యి, ఉల్లి. వద్దే వద్దు! చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ అయితే ఆరోగ్యంగా ఉన్న కుక్కకూ ఫిట్స్ తెప్పించగలదు.

బ్రోమైడ్‌తో ఆకలి పెరుగుతుంది, కుక్క దీనంగా చూస్తుంది, కరిగిపోకండి. ఉప్పు లేకుండా ఉడికించిన, ఎముకల్లేని కోడిమాంసం చిన్న ముక్కో, క్యారెట్ ముక్కో చాలు.