పొగడ్త కూడా పరీక్షే

కష్టం వస్తే అది పరీక్ష అని మనం వెంటనే గుర్తిస్తాము. పొగడ్త వస్తే మాత్రం మనకు దక్కవలసిందే దక్కిందనుకుంటాము. దివ్య ఖుర్ఆన్ (21:35) అయితే కీడునూ, మేలునూ కూడా పరీక్షలుగానే పేర్కొన్నది.

ఈ రెండు పరీక్షలనూ ఎదుర్కొన్న మహనీయుడు ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ). ఖుర్ఆన్ సృష్టించబడినదని ఒప్పుకోవాలంటూ ఖలీఫా మామూన్ క్రీ.శ. 833లో ధర్మవేత్తలను నిర్బంధించాడు. ఇమామ్ ఒప్పుకోలేదు. తరువాతి ఖలీఫా ముఅతసిమ్ ఆయనను చెరలో ఉంచి, కొరడాలతో కొట్టించాడు. ఇమామ్ తన మాట మార్చుకోలేదు. అయినా, కొట్టించిన ఖలీఫాను క్షమించివేశారు.

847లో ముతవక్కిల్ ఖలీఫా అయిన తరువాత కొంతకాలానికి పరిస్థితి తారుమారైనది. ఆస్థానం నుండి ఆహ్వానాలు, కానుకలు రాసాగినవి. సామర్రాకు పిలిపించి విందులు పంపితే ఇమామ్ వాటిని ముట్టలేదు. ఆ గౌరవం ఆయనకు కొరడా దెబ్బల కంటే భారమనిపించినదని ఆయన జీవితచరిత్ర వ్రాసినవారు తెలిపారు.

ఎందుకు? దెబ్బ శరీరానికి తగులుతుంది, పొగడ్త నియ్యత్‌కు తగులుతుంది. కష్టంలో దాసుడు తన ప్రభువును తలచుకుంటాడు; పొగడ్తలో తనను తానే తలచుకుంటాడు. తనకున్నదంతా అల్లాహ్ ప్రసాదమేనని ఎరిగి ఉండటమే వినయం. ఆ ఎరుక ఉన్నవానిని నింద కృంగదీయదు, మెప్పు గర్విష్ఠిని చేయదు.

కనుక కష్టకాలంలో ఎంత ఆర్తితో దుఆ చేస్తామో, నలుగురూ మెచ్చుకున్ననాడు కూడా అంతే ఆర్తితో చేయాలి. ఆనాడే దాని అవసరం ఎక్కువ.