4616: ఒక ఇథియోపిక్ అక్షరం కథ

ఇథియోపియా, ఎరిత్రియా దేశాల్లో అమ్హారిక్, తిగ్రిన్యా భాషలు రాసే ఇథియోపిక్ లిపిలో రెండో వరుస ‘లె’తో మొదలవుతుంది. చూడ్డానికి పైన కలిసిన రెండు కాళ్లు, అంతే. కుడికాలి నడుమ చిన్న గీత తగిలిస్తే ‘లు’. ఆ గీత పాదం దగ్గరికి దిగితే ‘లి’. ఎడమకాలు పొట్టిదైతే ‘లా’. కుడి పాదానికి చిన్న సున్నా చుడితే ‘లే’. మన గుణింతం లాంటిదే. అక్సుమ్ రాజు ఎజానా ఏలిన 4వ శతాబ్దంలో ఈ పద్ధతి కుదురుకుంది. అంతకుముందు అక్కడి పాత భాష గీజ్‌ను హల్లులతోనే రాసేవారు.

కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఈ అక్షరాలకు సొంత సంఖ్యలు లేవు. ఇంగ్లిష్ అక్షరాల సంఖ్యల మీద ఇథియోపిక్ బొమ్మలు తొడిగిన ఫాంట్లతో పని నడిచేది. ఆ ఫాంట్ లేని చోట ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తులే కనిపించేవి. పాత తెలుగు డీటీపీ ఫైళ్లతో కుస్తీ పట్టినవాళ్లకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

1999లో, లిపులకు సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్ 3.0 ఈ లిపిలో 345 గుర్తులకు శాశ్వత సంఖ్యలిచ్చింది. ‘లె’కు దక్కింది 4616. ‘లు’ 4617, ‘లి’ 4618, ‘లా’ 4619. అలా ‘ల్వా’ 4623 దాకా. సంఖ్యను 8తో భాగించి చూడండి. 4619కి మిగిలేది 3. గుణింతంలో ‘లె’ను సున్నాగా లెక్కపెడితే మూడోది ‘లా’. ఎనిమిదేసి గళ్లతో వరుసలు వేయడం వల్ల, ఏ అచ్చు చేరిందో చాలా వరుసల్లో శేషమే చెప్పేస్తుంది.

తెలుగు వేరే దారి పట్టింది. మన ‘లా’కు రెండు సంకేతాలు కావాలి: ‘ల’కు ఒకటి, దీర్ఘానికి ఒకటి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఫైల్లో దాస్తే అది 6 బైట్లు. ఇథియోపిక్ ‘లా’ 3 బైట్లతో సరి. అచ్చు గుర్తును విడదీసి ఉంటే పట్టిక చిన్నదయ్యేది, నిజమే. కానీ ఇథియోపిక్‌లో అచ్చు చేరితే కాలు పొట్టిదవుతుంది, గీత వంగుతుంది. అన్ని హల్లులకూ ఒకే రూపంలో అతికించే గుర్తు లేదు. అక్షరాన్ని నిండుగా తీసుకోవడమే సరైన పని అని నా అభిప్రాయం. మీటలు మాత్రం విడివిడిగానే నొక్కవచ్చు. ధ్వనిని బట్టి టైప్ చేసే పద్ధతుల్లో ‘ఎల్’ నొక్కగానే పొల్లు ‘ల్’ కనిపిస్తుంది. అచ్చు మీట పడగానే సాఫ్ట్‌వేర్ దాన్ని తీసేసి ‘లె’నో ‘లా’నో పెడుతుంది.

ఎనిమిది గళ్ల ఏర్పాటుకు ఒక ఖర్చుంది. ఎనిమిదో రూపం నమోదు కాని వరుసల్లో చివరి గడి ఖాళీగా ఉండిపోయింది. ‘లె’కు ముందున్న 4615 అలాంటిదే. 2005లో వచ్చిన యూనికోడ్ 4.1 అందులో ‘హోఆ’ను చేర్చింది. ఖాళీలు వదలడం వృథా కాదని నేననడం ఇందుకే: అమ్హారిక్‌కు అక్కర్లేని రూపం పక్క భాషకు ప్రాణం కావచ్చు. ఇథియోపియాలోని సెబత్‌బేత్ గురాగే భాష అక్షరాలకు 2005లోనే వేరే పట్టిక తెరిచారు. 2021లో గురాగే భాషల కోసం మరో 28 అక్షరాలు వచ్చాయి. వాటితో ఇథియోపిక్ గుర్తుల సంఖ్య 523కు చేరింది.