గనుల సొమ్ము - గ్రామసభ మాట

నంద్యాల ప్రాంతములో నాపరాయి ఎరుగని ఇల్లు అరుదు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల పరిసరముల నేల ఆ రాతికి పుట్టినిల్లు. ఆ సీమ సున్నపురాయి సిమెంటు కర్మాగారములకు ముడిసరుకు. ఆళ్లగడ్డ శిల్పులు రాతిని దేవతామూర్తులుగా మలచుదురు. ఇట్లు ఈ సీమలో వేలాది కుటుంబములకు రాయి అన్నము పెట్టుచున్నది.

కాని గని త్రవ్విన చోట గుంత మిగులును. పైరుపై దుమ్ము పడును. లారీల బరువునకు బాటలు గోతులు పడును. రాయి దూరమునకు పోవును, దుమ్ము ఊరిలోనే నిలుచును. ఈ నష్టమునకై వచ్చు సొమ్మును ఏ పనికి వినియోగింపవలెనో నిర్ణయింపవలసినవారెవరు? దానినే మేమిచట విచారింపదలచితిమి.

2015లో పార్లమెంటు గనుల చట్టమును సవరించినది. గనుల ప్రభావమునకు లోనైన జిల్లాలలో ‘జిల్లా మినరల్ ఫౌండేషను’ అను లాభాపేక్షలేని ధర్మనిధిని స్థాపింపవలెనని అందు విధించినది. ప్రధాన ఖనిజముల గుత్తదారు ప్రభుత్వమునకు చెల్లించు రాయల్టీ నూరు రూపాయలైనచో, 2015 జనవరి 12కు పూర్వపు గుత్తలపై మరి 30 రూపాయలును, వేలములో పొందిన గుత్తలపై 10 రూపాయలును ఈ నిధికి అదనముగా చెల్లింపవలెను. ఇది దాతల దయ కాదు. నష్టపడినవారికి చట్టమిచ్చిన హక్కు.

అంతవరకు కర్నూలు జిల్లాలో నున్న నంద్యాల, ఆళ్లగడ్డలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరినవి. కచేరి దగ్గరకు వచ్చినది. నిర్ణయము కూడ ప్రజలకు దగ్గర కావలదా?

2024 నాటి కేంద్ర మార్గదర్శకముల ననుసరించి నిధిలో నూటికి 70 వంతులకు తక్కువ కాకుండ త్రాగునీరు, ఆరోగ్యము, విద్య, పర్యావరణ రక్షణ మొదలగు ముఖ్యావసరములకు వ్యయపరుపవలెను. గనికి 15 కిలోమీటర్ల లోపలి ప్రాంతము ప్రత్యక్షముగను, 25 కిలోమీటర్ల లోపలిది పరోక్షముగను ప్రభావితమైనదిగా నెంచబడును. కనుక ఆళ్లగడ్డ ప్రాంతపు రైతైనను, పాణ్యము వైపు కూలియైనను మొదట విచారింపవలసినది తన ఊరు ఈ వలయములో నున్నదా యని.

షెడ్యూల్డు ప్రాంతములలో ఈ నిధి ప్రణాళికకు గ్రామసభ ఆమోదము తప్పనిసరి. నంద్యాల మైదానము షెడ్యూల్డు ప్రాంతము కాదు. ఇటువంటి చోట బాధితులను గుర్తించుటలో వీలైనంతవరకు గ్రామసభ ప్రతినిధులను సంప్రదింపవలెనని 2015 నాటి మార్గదర్శకములు చెప్పినవి. సంప్రదింపు వేరు, ఆమోదము వేరు. చిక్కంతయు ఇచటనే యున్నది.

ఒక గ్రామమును ఊహింతము. సొమ్ము వచ్చినది. పెద్దలు సిమెంటు బాట వేయుద మందురు. బిందెతో దూరము నడచు స్త్రీ మంచినీరు కావలె ననును. గనికూలి తన రొమ్మును వైద్యుడు పరీక్షింపవలె ననును. రాతిదుమ్ము ఊపిరితిత్తులను ఎట్లు క్షీణింపజేయునో అతడు శరీరముతో నెరిగినవాడు. బాట కంటికి కనబడును. దగ్గు కాగితముపై కనబడదు. దగ్గువాని మాట సభలో వినబడిననే నిధికి సార్థకత.

ఇట్టి ప్రయత్నములు లోకమునకు క్రొత్త కావు. 1989లో బ్రెజిలు దేశపు పోర్తో అలెగ్రె నగరములో పౌరులే సభలు చేసి నగరపు బడ్జెటులో పనుల వరుసను నిర్ణయింప మొదలిడిరి. 1996లో కేరళము ప్రజాప్రణాళిక నారంభించి, రాష్ట్ర ప్రణాళికా ధనములో మూడవ వంతునకు మించిన భాగమును స్థానిక సంస్థల కప్పగించి, గ్రామసభలను చర్చకు పిలిచినది.

గ్రామసభలో బలవంతుల మాటయే చెల్లునని కొందరి ఆక్షేపణ. అది త్రోసివేయదగినది కాదు. అందుచేతనే సభ కూలివారికి వీలైన వేళ జరుగవలెను. స్త్రీలును, గనికూలీలును ముందుగా వేరుగా కూర్చుండి తమ కోరికలను వ్రాయించుకొనవలెను. వచ్చిన సొమ్మెంత, ఏ పనికి ఎంత, మిగిలిన దెంత అను లెక్కను పంచాయతీ గోడపై తెలుగులో వ్రాయవలెను, చదువురానివారికి సభలో చదివి వినిపింపవలెను.

గ్రామసభ యనగా సర్పంచి ఇంటి అరుగు కాదు. ఊరి ఓటర్లందరును అందు సభ్యులే. రాబోవు సభలో మన గ్రామమునకు గనుల నిధినుండి ఏమి వచ్చినదని ఒక్కరైనను లేచి అడుగుదురు గాక.