మూత తీస్తే పొగలు రావాలి!

బఫేలో వరసగా మెరిసే స్టీలు పాత్రలు చూడగానే లోపలి వంటలన్నీ వేడిగా ఉన్నాయనుకుంటాం. ఒక్కసారి వంగి కింద చూడండి. చాలాసార్లు మంట ఆరిపోయి ఉంటుంది. మర్నాడు ఒకే ఇంట్లోంచి నలుగురైదుగురు వాంతులు, విరేచనాలతో ఆస్పత్రికి వస్తే మేం అడిగే మొదటి ప్రశ్న.. ‘నిన్న ఎక్కడ భోంచేశారు?’ అనే.

క్యాటరింగ్ వాళ్లు చేఫింగ్ డిష్ అనే ఈ పాత్రలో అడుగున జెల్ డబ్బా మంట, దానిపైన నీళ్ల ట్రే, ఆపైన వంటకం ఉంటాయి. నీటి ఆవిరి వంటకాన్ని అడుగంటకుండా వేడిగా ఉంచుతుంది. అంతే! ఇది ఉన్న వేడిని నిలుపుతుంది గానీ, చల్లారినదాన్ని తగినంత వేడి చేయలేదు.

ఎందుకు ప్రమాదం?

5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మక్రిములు వృద్ధి చెందుతాయి. అన్నం, బిర్యానీల్లో ఉండే బాసిల్లస్ సీరియస్ బీజాలు ఉడికించినా చావవు. గోరువెచ్చగా వదిలేస్తే పెరిగి విషాన్ని తయారుచేస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. తిన్న 1-6 గంటల్లో వాంతులు మొదలవుతాయి. నెమ్మదిగా చల్లారిన మాంసం కూరల్లో పెరిగే క్లాస్ట్రీడియంతో 6-24 గంటల్లో కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. వంటకం రుచి, వాసన మాత్రం మారకపోవచ్చు.

విందు మీదైతే..

* వడ్డనకు 15-20 నిమిషాల ముందే ట్రేలో మరిగే నీళ్లు పోసి, మంట వెలిగించమనండి.
* వంటకాన్ని పొయ్యి మీంచి పొగలు కక్కుతుండగానే తెచ్చి, కొద్దికొద్దిగా పెట్టాలి. మిగిలిన పాతదాని మీద కొత్తది పోయకూడదు. ట్రే మార్చాలి.
* వడ్డించాక మూత వేయాలి. వంటల థర్మామీటరుతో చూస్తే మధ్యలో 60 డిగ్రీలు దాటి ఉండాలి.
* వెలుగుతున్న, వేడిగా ఉన్న డబ్బాలో జెల్ నింపనివ్వొద్దు. ఆ మంట వెలుతురులో సరిగా కనిపించదు. భగ్గుమని ఒళ్లు కాలుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.
* పెరుగుపచ్చడి, పండ్ల ముక్కలను ఐసు మీద ఉంచాలి.
* రెండు గంటలకు మించి చల్లారి ఉన్న అన్నం, కూరలను ఇంటికి కట్టివ్వకండి.

అతిథిగా వెళ్తే.. ఆలస్యంగా వెళ్లినప్పుడు గోరువెచ్చని బిర్యానీ, మాంసం కూరలు వదిలేయండి. అప్పటికప్పుడు కాల్చి ఇచ్చే పుల్కా, దోసె మేలు.

వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. మలంలో రక్తం, తీవ్ర జ్వరం, మూత్రం తగ్గటం, మగత ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో ఈ లక్షణాల కోసం ఎదురుచూడొద్దు.